రెండొందల పద్నాలుగో వస్తువు

ఇప్పలమెట్ట మ్యూజియంలో మొత్తం రెండొందల పదమూడు వస్తువులు ఉండేవి. రెండొందల పద్నాలుగోది వచ్చాక గానీ ఎవరికీ తెలియలేదు, వస్తువుకి మధ్యాహ్నమయ్యేసరికి ఆకలి కూడా వేస్తుందని.

గుమ్మం మీద బోర్డులో దాని పేరు ‘ప్రాంతీయ చరిత్ర మరియు సంప్రదాయ అటవీ విధానాల ప్రదర్శనశాల’. ఊళ్ళో మాత్రం గొడ్డళ్ళ బంగళా అంటారు. ఒకప్పుడు ఫారెస్టు వాళ్ళ బంగళా అది. నాలుగు గదులు, నాలుగు చోట్ల కారే పెంకులు. మొదటి గదిలో గొడ్డళ్ళు, రంపాలు. రెండో గదిలో నరికిన దుంగల మీద సర్కారు ముద్ర కొట్టే ఇనప సుత్తులు. మూడో గదిలో తేనెపట్టుకి ఎక్కే తాళ్ళ నిచ్చెన, జిగురు బుట్టలు, ఎప్పటివో రేంజర్ల ఫోటోలు. నాలుగో గదిలో మనిషెత్తు గాజు బీరువాలు నాలుగు, అందులో నాలుగోది ఖాళీ. ఏదో పెడదామనే చేయించారు. ఏం పెట్టాలో రాసిన కాగితం ఎక్కడో పోయింది.

మాణిక్యం అక్కడ అటెండరు. తాళాలు తీసేది ఆవిడే, ఊడ్చేది ఆవిడే, వచ్చినవాళ్ళకి చూపించేదీ, వానొస్తే బక్కెట్లు పెట్టేదీ ఆవిడే. ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. ఆ చదువు ఆవిడకి భయపడ్డానికి బాగా పనికొచ్చింది. ఎక్కడో గ్యాసు బండ పేలిందని పేపర్లో చదివితే వారం రోజులు కట్టెల పొయ్యి మీద వండేది. కూతురు లీల కాలేజీ నుంచి ఓ గంట ఆలస్యంగా వస్తే ముందు బస్సు బోల్తా పడిందనుకునేది, తర్వాత బస్సు కాలవలో పడిందనుకునేది, ఆ తర్వాత కాలవలో మొసలుందనుకునేది. ఆ కాలవలో మోకాలి లోతు నీళ్ళు కూడా ఉండవు.

మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఉన్నది ఒక్కగానొక్క పిల్ల. ఆ పిల్లకి అడవంటే ప్రాణం. మాణిక్యం తండ్రి రామన్న ఫారెస్టులో వాచరుగా చేసి చేసి పోయాడు. పోయేలోపు తనకి తెలిసిందంతా మనవరాలికి అప్పజెప్పాడు. ఎండలు ముదరకముందే అడవి అంచున గడ్డీ పొదలూ కొట్టి, రాలిన ఆకు దంతెతో లాగి, నిప్పు దాటకుండా నున్నగా బాట తీస్తారు. దాన్ని ఫైరు లైను అంటారు. గాలి ఎటు తిరుగుతుందో చూసి ఆ బాటని ఎక్కడ వంచాలో చెప్పడంలో రామన్న తర్వాత లీలే.

రామన్న తన పొడుగు కత్తినీ దంతెనూ మ్యూజియానికి ఇచ్చేటప్పుడు ఒక మాట తీసుకున్నాడు. ఏటా మాఘమాసంలో అయిదు రోజులు వాటిని ఫైరు లైను పనికి ఇవ్వాలి. పనిముట్టు పని మానేస్తే చచ్చినట్టేనని ఆయన పట్టు. అప్పటి క్యూరేటరు సరేనన్నాడు. అందుకోసమే ‘కదలికల రిజిస్టరు’ పెట్టారు. ఏ తేదీ, ఏ వస్తువు, ఎన్ని, కొలతలు, వెళ్ళేటప్పుడు పరిస్థితి, వచ్చాక పరిస్థితి, సంతకం.

రామన్న పోయిన ఏడు కత్తీ దంతే పట్టుకుని లీల మొదటిసారి ఒంటరిగా బయలుదేరింది. మాణిక్యం రిజిస్టరు తీసి ‘పొడుగు కత్తి ఒకటి, దంతె ఒకటి’ అని రాసింది. రాశాక కలం ఆగిపోయింది. కత్తి వెళ్ళినట్టు సర్కారు పుస్తకంలో సాక్ష్యం ఉంది. పిల్ల వెళ్ళినట్టు ఏదీ? రేపు ఎలుగుబంటి ఎత్తుకుపోతే, మీ అమ్మాయి అసలు అడవికి వెళ్ళిందనడానికి రుజువేమిటని ఎవరైనా అడిగితే? అందుకని కింద ఇంకో వరస రాసింది.

‘లీల ఒకటి. అయిదడుగుల రెండంగుళాలు. ఎడమ మోచేతి మీద పాత మచ్చ. బాగుంది.’

సాయంత్రం పిల్ల తిరిగొచ్చాక ఎదురుగా రాసింది: ‘చేరింది. పరిస్థితి: బాగుంది. ఆకలిగా ఉంది.’ సంతకం పెట్టింది. ఆ పూట ఆవిడకి ప్రాణం కుదుటపడింది. అలా ఆరేళ్ళు రాసింది, ఏటా అయిదు రోజులు.

ఆరో ఏడు సమగ్ర వస్తు నమోదు పక్షోత్సవాలు వచ్చాయి. పక్షమంటే పదిహేను రోజులే గానీ, ఉత్సవాలు బాగా జరుగుతున్నాయని నాలుగు నెలలు పొడిగించారు. ఊరేగింపు తీశారు, ప్రతిజ్ఞ చేయించారు. జిల్లాకో సర్క్యులరు పంపారు. అందులో ఉన్నవి మూడే ముక్కలు. రిజిస్టరులో ఉన్నదల్లా క్యాటలాగులో ఉండాలి. క్యాటలాగులో ఉన్నదల్లా గోడల మధ్య ఉండాలి. లేని వస్తువుకి బాధ్యులైన మనిషి ఉండాలి.

తనిఖీకి పీతాంబరం గారు వచ్చారు. ప్రత్యేక తనిఖీ అధికారి. చేతికి తెల్ల తొడుగులు వేసుకుని, కుర్చీని కూడా తొడుగులతోనే లాక్కుని కూర్చున్నారు. పక్కన ఇన్‌చార్జి క్యూరేటరు రత్నాజీ నిలబడ్డాడు. ఆయన మూడు మ్యూజియాలకి ఇన్‌చార్జి. నెలలో రెండో బుధవారం మాత్రమే ఇక్కడికొస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఏ మ్యూజియమో గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పడుతుంది.

పీతాంబరం గారు కదలికల రిజిస్టరు తిరగేస్తూ తిరగేస్తూ ఒకచోట ఆగారు.

"ఈ లీల అనే వస్తువేదమ్మా?"

"మా అమ్మాయండి."

"నేనడిగింది క్యాటలాగు నంబరు."

"నంబరు లేదండి. పిల్లండి."

"పిల్ల అన్నది మౌఖిక సమాచారం." ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "రికార్డు ప్రకారం ఈ వస్తువు ముప్పైసార్లు బయటికి వెళ్ళింది, ముప్పైసార్లు లోపలికి వచ్చింది. కొలతలున్నాయి. ప్రతి కదలికకీ పరిస్థితి నివేదిక ఉంది. రత్నాజీ గారూ, మీ మూడు మ్యూజియాల్లో ఇంత శ్రద్ధగా నమోదైన వస్తువు ఇంకొకటుందా?"

"లేదు సార్," అన్నాడు రత్నాజీ, సంతోషించాలో లేదో తెలియక.

"అటువంటి వస్తువు క్యాటలాగులో లేదు. ఎందుకు లేదు?"

మాణిక్యం ఎలుగుబంటి సంగతి, సాక్ష్యం సంగతి చెప్పబోయింది. పీతాంబరం గారు చెయ్యెత్తారు.

"చూడమ్మా. ఉన్నవి రెండే మార్గాలు. ఇవి తప్పుడు నమోదులని మీరు రాసిస్తే, ముప్పై తప్పుడు నమోదులు. ఒక్కోదానికి ఒక్కో మెమో, వెరసి మీ ఉద్యోగం, ఆపైన పోలీసు కేసు. కాదు, ఇవి సరైన నమోదులే అంటే వస్తువుని క్రమబద్ధీకరించాలి."

మాణిక్యం కళ్ళ ముందు జైలు, జైల్లో దోమలు, దోమల వల్ల వచ్చే జ్వరం, ఆ జ్వరానికి మందుల్లేని ఆసుపత్రి వరసగా నడిచాయి. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టింది. దాత అన్న చోట ఆవిడ పేరు రాశారు.

లీల మొదట నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "పోనీలే అమ్మా. నీ ఉద్యోగం నిలబడుతుంది కదా. ఎలాగూ నా రిజల్టు రావాలి. అక్కడే ఫ్యాను కింద కూర్చుని చదువుకుంటాను."

"పక్షోత్సవాలు అయ్యేదాకానేనమ్మా," అన్నాడు రత్నాజీ.

ప్రతి వస్తువు మీదా బయటికి కనిపించని చోట, చెరగని సిరాతో నంబరు రాయాలని నియమం. లీలకి మోచేతి వెనక రాశారు: ఇ.మ్యూ. 214. నాలుగో బీరువాలో కుర్చీ వేశారు. గాజు తలుపు మూస్తే ఊపిరాడదేమోనని మాణిక్యం దాని మధ్య ఇటుక ముక్క పెట్టింది. ఇటుక ముక్కకి వేరే నంబరెందుకు లేదని తర్వాత వచ్చినప్పుడు రత్నాజీ భయపడ్డాడు గానీ, అది ఎవరూ రిజిస్టర్లో రాయలేదు కాబట్టి లేనట్టే లెక్క.

బీరువా పక్కన బోర్డు పెట్టారు: ‘లీల. కాలం: ఇటీవలిది. పదార్థం: మిశ్రమం. ఉపయోగం: ఫైరు లైను. దాత: ఆర్. మాణిక్యం. ముట్టుకొనరాదు.’

ముట్టుకొనరాదు అన్నది మాణిక్యానికీ వర్తిస్తుంది. పిల్ల జుట్టు రేగిపోయి ఉంటే దువ్వెన పట్టుకుని బీరువా ముందు నిలబడి చూసేది. తలకి నూనె రాయాలంటే చెక్క సామానుకి అవిసె నూనె పట్టించే ఫారం ఒకటే ఉంది, దాని మీద ముగ్గురు సంతకాలు చేయాలి. గదిలో తినుబండారాలు తేకూడదు కాబట్టి మధ్యాహ్నం అన్నానికి వెళ్ళినప్పుడల్లా రిజిస్టర్లో ఓ వరస. సాయంత్రం అయిదున్నరకి ఇంటికెళ్ళడాన్ని ‘శుభ్రపరచు నిమిత్తం తరలింపు’ అని రాయమన్నారు. ఉదయం పదికల్లా శుభ్రపడి రావాలి. బీరువా నాలుగు మూలలా పురుగు పట్టకుండా కలరా ఉండలు పెట్టారు. లీలకి తుమ్ములు పట్టుకున్నాయి.

బడిపిల్లల్ని తీసుకుని ఒక టీచరమ్మ వచ్చింది. పిల్లలంతా గొడ్డళ్ళు వదిలేసి నాలుగో బీరువా చుట్టూ మూగారు.

"ఇది మాట్లాడుతుందా టీచర్?" అంది రెండు జడల పిల్ల.

టీచరమ్మ బోర్డు పైనించి కిందికి చదివి, "రాయలేదమ్మా," అంది.

"మాట్లాడతాను," అంది లీల పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "కానీ రిజిస్టర్లో సంతకం పెట్టాలి."

పిల్లలందరూ వరసలో నిలబడి సంతకాలు పెట్టారు. ఆ నెల సందర్శకుల సంఖ్య మూడింతలైందని రత్నాజీకి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం మీద ఆయనకి మొదటిసారి ఈ మ్యూజియం పేరు గుర్తుండిపోయింది.

సరిగ్గా అప్పుడు రిజల్టు వచ్చింది. వెనకాలే ఆర్డరు కూడా వచ్చింది. ‘కె. లీలాకుమారి ఫారెస్టు బీట్ ఆఫీసరుగా ఎంపికైనారు. మారేడుబయలు రేంజిలో పదిహేను దినములలోగా చేరవలెను. చేరనిచో నియామకము రద్దగును.’

ఆ ఉద్యోగం కోసం లీల పదహారు కిలోమీటర్ల నడక పరీక్షలో చెప్పు తెగిపోతే వట్టి కాళ్ళతో నడిచింది. చివరి మూడు కిలోమీటర్లలో నలుగుర్ని దాటింది. మాణిక్యం ఆ పాదాలకి పసుపు పెట్టి కట్లు కట్టింది. అడవుల్లో ఉద్యోగమంటే ఆవిడకి గుండె దడ. ఎలుగులు, పాములు, కలప దొంగలు, కొండవాగులు, మలేరియా. అయినా ఆర్డరు చదివి కళ్ళకద్దుకుంది. పిల్ల మొహంలో ఆ వెలుగు ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"రేపే బస్సెక్కుతానమ్మా," అంది లీల, బీరువాలోంచి దిగుతూ.

"ఎలా ఎక్కుతావే?" అంది మాణిక్యం. ఆవిడ మనసు అప్పటికే ఆ బస్సు కన్నా ముందు వెళ్ళిపోయింది. "నువ్వు పదింటికి ఇక్కడ లేకపోతే వస్తువు పోయినట్టు. పోతే పోలీసు కేసు పెట్టాల్సింది నేనే. ఎత్తుకుపోయిందెవరంటారు? నీ అంతట నువ్వే నడిచి వెళ్ళావు కాబట్టి దొంగవీ నువ్వే. కొత్త ఉద్యోగానికి పోలీసులు వచ్చి ఎంక్వయిరీ చేస్తారు గదా. మ్యూజియం సామాను దొంగతనం కేసుందని రాస్తారు. ఇంక ఆ ఉద్యోగం ఉంటుందా?"

ఆవేళ రెండో బుధవారం. లీల రత్నాజీ వంక చూసింది. ఇన్నాళ్ళూ అమ్మ చెప్పినవన్నీ ఉత్త భయాలే.

"అమ్మ చెప్పింది కరక్టేనమ్మా," అన్నాడు ఆయన. "రూలు అదే."

మాణిక్యం జీవితంలో మొదటిసారి ఆవిడ భయపడింది భయపడినట్టే జరుగుతోంది. అందులో గొప్పేమీ కనిపించలేదు ఆవిడకి.

పక్షోత్సవాలు అయిపోతే బయటపడొచ్చేమోనని రత్నాజీ పై ఆఫీసుకి ఫోను చేశాడు. ఉత్సవాలు ఇంకో రెండు నెలలు పొడిగించామని, ప్రజల కోరికపై అని చెప్పారు. దానం వెనక్కి తీసుకోవచ్చా అని మాణిక్యం అడిగింది. ఇచ్చినవాళ్ళు తీసుకోకూడదట. ‘ఇంకొకరికి ఇస్తే?’ అంది. అసలే దానం చేసేసిన వస్తువు ఆవిడది కాదు గదా, ఎలా ఇస్తుందన్నారు. ఇక మిగిలిన దారి ఒక్కటే. వస్తువు పాడైపోయిందని నిపుణుల సంఘం తేలిస్తే క్యాటలాగులోంచి కొట్టేస్తారు.

సంఘం తొమ్మిదో రోజున వచ్చింది. పీతాంబరం గారు, చెదల నివారణ నిపుణుడొకాయన, రోడ్లు భవనాల శాఖ నుంచి ఒకాయన. మూడో ఆయన ఎందుకొచ్చారో ఆయనకే తెలియదు గానీ, ముగ్గురు లేందే సంఘం కాదు.

"దగ్గవే," అని మాణిక్యం పిల్లకి ముందే చెప్పి ఉంచింది. "నీరసంగా కూర్చో. అడిగితే నడుం నొప్పి అను."

తొమ్మిది రోజులుగా ఉద్యోగం చేజారుతుంటే కళ్ళప్పగించి చూస్తున్న లీలకి నీరసం రాలేదు, కోపమొచ్చింది. చెదల నిపుణుడు వంగి, కర్రసామాను లోపల గుల్లబారిందో లేదో చూసే అలవాటు కొద్దీ, వేలి కణుపుతో ఆమె నుదుటి మీద టకటకా కొట్టాడు.

"లోపల ఎవరూ లేరండి," అంది లీల. "తర్వాత రండి."

రోడ్లు భవనాల ఆయన కుర్చీ పట్టుకుని ఊపి చూసి, కుర్చీ గట్టిగానే ఉందన్నాడు. పీతాంబరం గారు రాయించారు: "వస్తువు పటిష్ఠముగా నున్నది. చెద లేదు. నిమ్ము లేదు. పగుళ్ళు లేవు. ఎదురు సమాధానము చెప్పు స్వభావము కలదు. ఇది సహజ లక్షణమా, తరువాత ఏర్పడినదా పరిశీలించవలసియున్నది. ఇంకను అరవై సంవత్సరములు నిలుచుననుటకు సందేహము లేదు."

ఇరవై నాలుగేళ్ళుగా మాణిక్యం ఆ ఒక్క మాట కోసమే మొక్కని దేవుడు లేడు. పిల్లకి ఏమీ కాదు, నిక్షేపంగా ఉంటుంది అని పెద్దవాళ్ళెవరైనా కాగితం మీద రాసిస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకుందో. ఇప్పుడు ముగ్గురు ఆఫీసర్లు సంతకాలు పెట్టి మరీ రాసిచ్చారు. ఆవిడ సుత్తుల గదిలోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇక ఆరు రోజులు మిగిలాయి.

మాణిక్యానికి ఒక అలవాటుంది. మందు సీసా మీద, అగ్గిపెట్టె మీద, కరెంటు బిల్లు వెనక, సన్నక్షరాలన్నీ చదువుతుంది. ముంచే సంగతులన్నీ అక్కడే దాక్కుంటాయని ఆవిడ నమ్మకం. ఆ సాయంత్రం కదలికల రిజిస్టరు వెనక అట్ట లోపల అంటుకుపోయిన గులాబీ రంగు కాగితం ఒకటి చూసింది. మూల పురుగులు తిన్నాయి. ఫారం పదకొండు, తాత్కాలిక అప్పగింత. ‘సమాన స్వభావము గల మరియొక ప్రభుత్వ శాఖ, వస్తువును దాని అసలు ఉపయోగము నిమిత్తము లిఖితపూర్వకముగా కోరినచో...’

మూడుసార్లు చదివింది. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో, డ్రైవరు ఆవులిస్తున్నాడేమో అద్దంలో గమనించుకుంటూ, పీతాంబరం గారి ఆఫీసుకి వెళ్ళింది.

"అయ్యా, ఫారెస్టు వాళ్ళు మన వస్తువుని కావాలంటున్నారండి," అంది.

"ఏ వస్తువుని?"

"రెండొందల పద్నాలుగుని."

"నోటి మాటగా అన్నారా?"

మాణిక్యం నియామకపు ఆర్డరు బల్ల మీద పెట్టింది. ఆయన తొడుగులు వేసుకుని అందుకున్నారు. పైనుంచి కిందికి చదివారు. గుండ్రటి ముద్రని వేలితో తడిమారు. ఆయన గొంతు కొంచెం మెత్తబడింది.

"వస్తువు పేరు సరిగ్గా రాశారు. ఏ చోట ఉంచాలో రాశారు. పదిహేను రోజుల గడువు కూడా పెట్టారు." కాగితం దించి కిటికీలోంచి చూశారు. "ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఒక శాఖ మరో శాఖ వస్తువుని ఇంత మర్యాదగా అడగడం నేను చూడలేదమ్మా. మా స్టీలు బీరువాలు రెండు రెవిన్యూ వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. ఎంతకాలానికి కావాలంటున్నారు?"

మాణిక్యం ఆ లెక్క బస్సులో వేసుకునే వచ్చింది. "రిటైరయ్యేదాకానండి. ముప్పై ఎనిమిదేళ్ళు."

"తాత్కాలికమేనా?"

"తాత్కాలికమేనండి. అరవై రెండు నిండగానే తెచ్చి బీరువాలో పెట్టేస్తాను."

అప్పుడు ఆవిడ వయసు ఎనభై అయిదు అవుతుందని ఇద్దరికీ తట్టలేదు. పీతాంబరం గారు షరతులు చెప్పడం మొదలుపెట్టారు. ప్రయాణంలో ఎండ తగలరాదు. కుదుపులకి గురికారాదు. వెంట బాధ్యతగల సిబ్బంది ఒకరు ఉండాలి. కర్రపెట్టెలో ఎండుగడ్డి మధ్య పెట్టి పంపాలన్నది మాత్రం, టిక్కెట్టు పెట్టెకి కొట్టాలా మనిషికి కొట్టాలా అన్న చర్చ వచ్చి మినహాయించారు.

"మరి వస్తువు అక్కడ ఎలా ఉందో మనకెలా తెలుస్తుందండి?" అంది మాణిక్యం, తలొంచుకుని. "నూనె రాస్తారో లేదో, ఎండలో పడేస్తారో. ఎవరైనా వెళ్ళి చూసి రావద్దా?"

ఆయన ఆలోచించి, ఇంకో షరతు రాశారు.

పద్నాలుగో రోజున బస్టాండులో లీల ట్రంకుపెట్టె మీద కూర్చుని ఫారం పదకొండు చదివింది. ఆఖర్న ఆగింది.

"ఆర్నెల్లకోసారి నువ్వొచ్చి నన్ను నలువైపులా చూసి రిపోర్టు రాస్తావా?"

"రూలు," అంది మాణిక్యం.

"ఈ రూలు నువ్వే రాయించావు కదూ."

మాణిక్యం గొడుగు విప్పి పిల్ల నెత్తి మీద పట్టింది.

"నేను మూణ్ణెల్లన్నాను," అంది. "ఆయనే ఆర్నెల్లు చేశాడు."

నాలుగో బీరువాలో కుర్చీ అలాగే ఉంచారు. పక్కన బోర్డు మార్చారు: ‘ఈ వస్తువు ప్రస్తుతం ఉపయోగంలో ఉంది.’ మిగతా రెండొందల పదమూడింటికీ అటువంటి బోర్డు లేదు. మాఘమాసం వచ్చినప్పుడు మాత్రం రామన్న కత్తీ దంతే ఫైరు లైనుకి వెళ్ళొచ్చాయి.

ఆర్నెల్లయ్యాయి. తనిఖీకి వెళ్ళే రోజున మాణిక్యం తెల్లగా ఉతికిన చీర కట్టుకుని, రిజిస్టరు ముందు కూర్చుంది. మారేడుబయలుకి ఘాటీ రోడ్డు. పదిహేడు మలుపులు. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు. ‘సంచి ఒకటి, గొడుగు ఒకటి, కొబ్బరినూనె సీసా ఒకటి’ అని రాసింది. కలం ఆగింది.

రాయకూడదని ఆవిడకి తెలుసు. రాస్తే ఏమవుతుందో లోకంలో ఆవిడ కన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. కానీ పదిహేడు మలుపులు. పన్నెండో మలుపు దగ్గర బ్రేకులు పడకపోతే? ఇప్పలమెట్ట నుంచి ఫలానా మనిషి ఆ బస్సులో ఎక్కిందని ఎవరికి తెలుస్తుంది?

కలం పక్కన పెట్టి పెన్సిలు తీసింది. వీలైనంత చిన్నక్షరాల్లో రాసింది. రాగానే చెరిపేయొచ్చు.

‘మాణిక్యం ఒకటి.’

మారేడుబయలులో లీల ఖాకీ బట్టల్లో, అడవిలోంచి నడిచొచ్చింది. వెంట ఇద్దరు వాచర్లు, ఆమె చెప్పే మాట కోసం చూస్తూ. వాళ్ళ ముందే మాణిక్యం పిల్లని వెలుతుర్లో నిలబెట్టి, చుట్టూ తిరిగి, చేతులెత్తించి చూసింది.

"మేడం గారికి ఏమైందండి?" అన్నాడు ఒక వాచరు.

"ఏమీ కాలేదు. నన్ను అప్పిచ్చారు," అంది లీల.

తలకి నూనె పట్టించి, జడ వేసి, గట్టు మీద కూర్చుని మాణిక్యం రిపోర్టు రాసింది. ‘వస్తువు చూడడమైనది. నలుపెక్కింది. ఒక కేజీ తగ్గింది. కుడి మడమ మీద పగులు ఉంది, వెన్న రాయమని చెప్పడమైనది. ఎదురు సమాధానం చెప్పు స్వభావం పెరిగింది. నవ్వుతోంది.’

మర్నాడు పన్నెండో మలుపు కూడా దాటి, క్షేమంగా ఇప్పలమెట్ట చేరింది. రెండో బుధవారం కాబట్టి రత్నాజీ ఉన్నాడు. మాణిక్యం రబ్బరు చేతిలో పట్టుకుని రిజిస్టరు తెరిచింది. పెన్సిలు రాత కనిపించలేదు. దాని మీద నీలం సిరాతో, గుండ్రంగా, పెద్దక్షరాల్లో దిద్ది ఉంది.

"పెన్సిలు రాతలు చెల్లవని మొన్నే సర్క్యులరొచ్చింది మాణిక్యమ్మా," అన్నాడు రత్నాజీ. "నీకు మాట రాకూడదని నేనే దిద్దేశాను. అన్నట్టు, వచ్చే బుధవారం పీతాంబరం గారు వస్తున్నారు."

మాణిక్యం నాలుగో గది వైపు చూసింది. బీరువా తలుపు దగ్గర ఇటుక ముక్క అలాగే ఉంది. కుర్చీ మీద కాస్త దుమ్ము పట్టింది. వెళ్ళి కొంగుతో తుడిచింది. వచ్చి కూర్చుని, కలం విదిలించి, తన పేరుకి ఎదురుగా ఖాళీగా ఉన్న గడి నింపింది.

‘చేరింది. పరిస్థితి: బాగుంది. ఎప్పటిలాగే భయంగా ఉంది.’